మూడు వందల ర్యాంకు: ఒక టెన్నిస్ అమ్మాయి జమాఖర్చులు
(జంషెడ్‌పూర్‌లో జరిగిన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను క్రీడాకారిణిని కాను. ఇరవై ఏళ్లకు పైగా అప్పుల దరఖాస్తులు చదువుతున్న మనిషిని. శ్రీకాకుళం నుంచి బదిలీ మీద ఈ ఊరు వచ్చాం. మా అమ్మాయి టెన్నిస్ ఆడుతుంది. నాకున్న అర్హత అంతే.

బిష్టుపూర్ రామమందిరం దగ్గర మనవాళ్లు ఎవరు కలిసినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: "ఏమండీ, మీ అమ్మాయి సానియా మీర్జా ఎప్పుడవుతుంది?" ప్రేమగానే అడుగుతారు. ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. మన సిబ్బంది కుటుంబాల్లోనే ఒక తల్లి, కూతురికి పద్నాలుగేళ్లు, బాగా ఆడుతుంది. "ప్రావిడెంట్ ఫండ్ తీసి అమ్మాయిని విదేశీ టోర్నమెంట్లకు పంపమంటారా?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానికి ఊరుకోకూడదు. అది ఒక కుటుంబం కష్టార్జితం, ఒక పిల్ల భవిష్యత్తు. అందుకే ఈరోజు సానియా మీర్జా గురించి కాకుండా, సానియా కాని వాళ్ల గురించి మాట్లాడతాను. ప్రపంచ ర్యాంకు 250, 300, 400 దగ్గర ఉన్న అమ్మాయిల గురించి. పేపర్లో వాళ్ల పేరు ఆటల పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో వస్తుంది. వాళ్ల జీవితం ఎలా నడుస్తుందో తెలిస్తే ఆ తల్లికి జవాబు దానంతట అదే దొరుకుతుంది.

ముందు ఈ ర్యాంకు అంటే ఏమిటో చూద్దాం. మహిళల టెన్నిస్‌లో ర్యాంకులు లెక్కకట్టేది డబ్ల్యూటీఏ అనే సంస్థ. 1975 నుంచి కంప్యూటర్ మీద ఈ లెక్క నడుస్తోంది. టోర్నమెంటులో గెలిచిన కొద్దీ పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లు 52 వారాలు మాత్రమే ఖాతాలో ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్. కానీ గడువు తీరిన రోజున వడ్డీ రాదు, అసలూ పోతుంది. ఆటోమేటిక్ రెన్యువల్ లేదు. పోయిన ఏడాది ఇదే వారం సంపాదించిన పాయింట్లను ఈ ఏడాది ఇదే వారం మళ్లీ సంపాదిస్తేనే ఉన్నచోట ఉంటారు. జ్వరం వచ్చినా, మడమ బెణికినా, పరీక్షలున్నా ర్యాంకు ఆగదు, జారిపోతుంది.

టోర్నమెంట్లలోనూ మెట్లు ఉన్నాయి. అన్నిటికన్నా పై మెట్టు గ్రాండ్‌స్లామ్‌లు. గెలిస్తే 2000 పాయింట్లు. వాటి కింద డబ్ల్యూటీఏ టోర్నమెంట్లు. ఆ కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్ నడిపే టోర్నమెంట్లు. వాటిని 2024 నుంచి డబ్ల్యూ15, డబ్ల్యూ35, డబ్ల్యూ50, డబ్ల్యూ75, డబ్ల్యూ100 అంటున్నారు. ఆ అంకె గెలిచినవాళ్లకు వచ్చే పాయింట్లు. అంటే అట్టడుగు మెట్టు మీద టోర్నమెంటు మొత్తం గెలిస్తే 15 పాయింట్లు. మొదటి రౌండులో ఓడితే సున్నా. పైన 2000, కింద 15. మెట్ల మధ్య దూరం ఎంతో చూడండి.

ఈ కింది మెట్ల మీద మన తెలుగు అమ్మాయిలు ఉన్నారు. ఇద్దరి పేర్లు చెబుతాను.

ఒకరు సహజ యమలపల్లి. హైదరాబాద్ అమ్మాయి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో సామ్ హ్యూస్టన్ స్టేట్ యూనివర్సిటీలో చదువుకుంటూ ఆ కాలేజీ జట్టుకు ఆడింది. చదువు అయ్యాక పూర్తికాలం టెన్నిస్‌లోకి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముంబైలో డబ్ల్యూటీఏ 125 స్థాయి టోర్నమెంటు జరిగింది. మొదటి రౌండులోనే సహజకు టాప్ సీడ్ ఎదురైంది. అమెరికాకు చెందిన కైలా డే, ప్రపంచంలో మొదటి వందమందిలో ఒకరు. సహజ ర్యాంకు అప్పటికి 300కు అవతల. 6-4, 1-6, 6-4 తేడాతో సహజ గెలిచింది. మధ్య సెట్టు చూడండి, 1-6. అంత దారుణంగా సెట్టు పోయాక మూడో సెట్టులో నిలబడింది. 2025 అక్టోబరులో మెక్సికోలోని టాంపికోలో మళ్లీ అలాంటి పనే చేసింది. 2017లో యూఎస్ ఓపెన్ గెలిచిన స్లోన్ స్టీఫెన్స్‌ను వరుస సెట్లలో ఓడించింది.

రెండో అమ్మాయి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక. ఈమెదీ హైదరాబాదే. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా–ఓషియానియా పోటీలు జరిగాయి. మగవాళ్లకు డేవిస్ కప్ ఎలాగో ఆడవాళ్లకు ఇది అలాగ. ఆరు దేశాలు, ఒక్కో జట్టుకు ఐదు పోటీలు. శ్రీవల్లి ఐదు రోజుల్లో ఐదు సింగిల్స్ మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచింది. భారత్ రెండో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కు అర్హత సాధించింది. నవంబరులో బెంగళూరులో జరిగిన ఆ ప్లేఆఫ్స్‌లో స్లొవేనియా, నెదర్లాండ్స్ జట్ల చేతిలో మనం ఓడిపోయాం. అదీ ఆటే.

ఇప్పుడు నా వృత్తిలోకి వస్తాను. ఇలాంటి అమ్మాయి లోను కోసం మన బ్రాంచికి వస్తే రాబడి, ఖర్చుల పట్టిక ఎలా ఉంటుంది?

డబ్ల్యూ15 టోర్నమెంటు మొత్తం ప్రైజ్‌మనీ 15,000 డాలర్లు. డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే 12 లక్షల 75 వేలు. అది సింగిల్స్‌లో 32 మంది, డబుల్స్‌లో 16 జంటలు పంచుకోవాలి. వారమంతా ఆడి, వరుసగా ఐదు మ్యాచ్‌లు గెలిచి కప్పు ఎత్తిన అమ్మాయికి సుమారు రెండు లక్షల రూపాయలు వస్తాయి. మొదటి రౌండులో ఓడిన అమ్మాయికి వచ్చే డబ్బు చాలా తక్కువ. అందులోనూ ఆ దేశం పన్ను పట్టుకుని మిగతాది ఇస్తుంది.

ఇక ఖర్చులు. విమానం టికెట్, వీసా, హోటల్, తిండి, రాకెట్లకు గట్టింగ్, బూట్లు, ఫిజియో. ఇవన్నీ ఎవరివి వాళ్లవే. క్రికెట్‌లో బోర్డు టికెట్ కొంటుంది. టెన్నిస్‌లో దేశం తరఫున ఆడే ఆ కొద్ది వారాలు తప్పితే ఆడపిల్లే తన టికెట్ కొనుక్కోవాలి. ఇంకో చిక్కు ఉంది. ఈ వారం గెలుస్తానో ఓడతానో తెలియదు కాబట్టి తిరుగు టికెట్ ఏ రోజుకు కొనాలో తెలియదు. ఆఖరి నిమిషంలో కొనే టికెట్ ధర ఎంతో మీకు తెలుసు.

ఈ లెక్క నా ఊహ కాదు. 2013 సంవత్సరానికి సంబంధించి ఐటీఎఫ్ స్వయంగా ఒక పెద్ద అధ్యయనం చేసింది. ఆ ఏడాది ప్రపంచంలో 4,862 మంది మహిళలు ప్రొఫెషనల్ టోర్నమెంట్లు ఆడారు. వాళ్లలో 2,212 మందికి ఒక్క డాలరు కూడా రాలేదు. ఏడాది పొడవునా ఆడే మహిళకు సగటు ఖర్చు 40,180 డాలర్లు, అప్పటి మారకం రేటులో దాదాపు 24 లక్షల రూపాయలు. ఇందులో కోచ్ జీతం లేదు. రాబడి, ఖర్చు సరిసమానం కావాలంటే ఎక్కడుండాలని చూస్తే, మహిళల్లో 253వ ర్యాంకు అని తేలింది. అది కూడా కోచ్ లేకుండా. ప్రపంచంలో 253వ అమ్మాయికి ఏడాది చివర మిగిలేది సున్నా. 300వ అమ్మాయి నష్టంలో ఉంటుంది. ఆ తర్వాత ప్రైజ్‌మనీ పెరిగింది, ఖర్చులూ పెరిగాయి.

ఇదే కాగితాన్ని ఇంకో వైపు నుంచి చూడండి. 4,862 మందిలో 300వ స్థానం అంటే నూటికి ఆరుగురిలో ఒకరు. మన ఆఫీసర్ల పరీక్షలో నూటికి ఆరుగురిలో ఉన్న పిల్లను మనం ఊరంతా స్వీట్లు పంచి చూపిస్తాం. టెన్నిస్‌లో అదే స్థానంలో ఉన్న పిల్లను "ఇంకా ఏమీ సాధించలేదా?" అని అడుగుతాం.

డబ్బు ఎక్కడ ఉందంటే పై మెట్టు మీద. గ్రాండ్‌స్లామ్ మహిళల సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. వాళ్లలో 104 మందికి ర్యాంకు మీద నేరుగా ప్రవేశం. 16 మంది క్వాలిఫైయింగ్ ఆడి వస్తారు. 8 మందికి వైల్డ్‌కార్డులు. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండులో ఓడినవాళ్లకు ఇచ్చింది 1,32,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. ఆ డాలరుకు 54 రూపాయలు అనుకుంటే 71 లక్షలు. ఒక్క మ్యాచ్, అదీ ఓడిపోతే! డబ్ల్యూ15 టోర్నమెంట్లు గెలిచి ఆ డబ్బు సంపాదించాలంటే 35కు పైగా కప్పులు ఎత్తాలి. ఏడాదికి ఉన్నవి 52 వారాలే. క్వాలిఫైయింగ్ మొదటి రౌండులో ఓడినా 35,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, దాదాపు 19 లక్షలు ఇచ్చారు. క్వాలిఫైయింగ్‌లో మరో 128 మందికి చోటు. అంటే ఇంచుమించు 230వ ర్యాంకు దాకా ఈ తలుపు తెరుచుకుంటుంది. 230కి, 300కి మధ్య ఆటలో తేడా కాసిని పాయింట్లు. బతుకులో తేడా బతకడమా, అప్పు చేయడమా అన్నంత.

అందుకే వాళ్లు ఆ అట్టడుగు టోర్నమెంట్లు ఆడుతూనే ఉంటారు. పిచ్చి కాదు. వాళ్లకు ఆ తలుపు కనబడుతూ ఉంటుంది. మన దేశం నుంచి సింగిల్స్‌లో అటువైపు వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కోయంబత్తూరు అమ్మాయి నిరుపమా వైద్యనాథన్ 1998లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఇటలీకి చెందిన గ్లోరియా పిజికినిపై గెలిచారు. ఓపెన్ శకంలో గ్రాండ్‌స్లామ్ ప్రధాన పోటీలో మ్యాచ్ గెలిచిన మొదటి భారత మహిళ ఆవిడ. ఆవిడ అత్యుత్తమ ర్యాంకు 134. తర్వాత సానియా 2005లో మన హైదరాబాద్‌లోనే డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచి, 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది. గుజరాత్ అమ్మాయి అంకితా రైనా 2020లో 160 దాకా చేరింది. ఇంత పెద్ద దేశంలో ఇంతే. కాబట్టి "సానియా ఎప్పుడవుతుంది" అన్నది "మీ అబ్బాయి రిజర్వ్ బ్యాంకు గవర్నరు ఎప్పుడవుతాడు" అన్నంత ప్రశ్న.

మిగతా దేశాల్లో ఈ మధ్య మెట్టు వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు? జర్మనీని చూద్దాం. స్టెఫీ గ్రాఫ్ దేశం. అక్కడి టెన్నిస్ సమాఖ్యలో 14 లక్షల మందికి పైగా సభ్యులున్నారు. ఊరూరా క్లబ్బులు, క్లబ్బుల మధ్య లీగులు, పైన బుందెస్‌లీగా. 300వ ర్యాంకు జర్మన్ అమ్మాయి వేసవిలో తన క్లబ్బు తరఫున ఆడితే క్లబ్బు డబ్బిస్తుంది. చుట్టుపక్కల దేశాల టోర్నమెంట్లకు రైల్లోనో కారులోనో వెళ్లి రావచ్చు. వీసా గొడవ లేదు. ఓడిపోతే ఆ రాత్రికి ఇంటికి చేరుతుంది. ఆటలో నష్టం వచ్చినా పక్కన ఒక చిన్న ఆదాయం ఉంటుంది.

అక్కడి ఎవా లీస్ కథ చెబుతాను. కీవ్‌లో పుట్టి హాంబర్గ్‌లో పెరిగింది. కీళ్లకు సంబంధించిన జబ్బు ఉంది. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ నాటికి ఆమె ర్యాంకు 128. క్వాలిఫైయింగ్ చివరి రౌండులో ఓడిపోయింది. ఇంటికి వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా, ఎవరైనా తప్పుకుంటారేమోనని ఆగింది. ఒక క్రీడాకారిణి అస్వస్థతతో తప్పుకోవడంతో, మ్యాచ్ మొదలయ్యే కాసేపటి ముందు "నువ్వు ఆడాలి" అన్నారు. ఇలా వచ్చినవాళ్లను లక్కీ లూజర్ అంటారు. ఆ అమ్మాయి వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి నాలుగో రౌండుకు చేరింది. మహిళల్లో లక్కీ లూజర్ అంత దూరం వెళ్లడం అక్కడ అదే మొదటిసారి. నాలుగో రౌండులో ఇగా స్వియాటెక్ 6-0, 6-1తో ఓడించింది. అయినా ఆ వారం చేతికి వచ్చింది 4,20,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, రెండు కోట్లకు పైమాట.

పిల్లలూ, ఈ కథ విని అదృష్టం అనుకోకండి. ఆ రోజు అదృష్టం తలుపు తట్టింది నిజమే. కానీ తట్టినప్పుడు ఆ అమ్మాయి రాకెట్ పట్టుకుని సిద్ధంగా ఉంది. పెద్దలకు ఇంకో మాట: అలా ఆగి ఎదురుచూడగలగడానికి కూడా ఆసరా కావాలి. రేపటి హోటల్ బిల్లు ఎలా అని భయపడే పిల్ల ఆగదు.

ఆసరా అంటే ఏమిటో జంషెడ్‌పూర్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. 1987లో ఇక్కడ టాటా ఫుట్‌బాల్ అకాడమీ, 1996లో టాటా ఆర్చరీ అకాడమీ మొదలయ్యాయి. రాంచీ దగ్గర ఆటో నడిపే తండ్రి కూతురు దీపికా కుమారి. ముందు మన పక్కనున్న ఖర్సావాఁలో విల్లు పట్టింది, తర్వాత ఇక్కడి ఆర్చరీ అకాడమీకి వచ్చింది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు స్వర్ణాలు, 2012లో ప్రపంచ నంబర్ వన్. ఆమె ప్రతిభ ఆమెదే. కానీ విల్లు, కోచ్, బస, తిండి, స్టైపెండ్ అన్నీ అకాడమీ చూసుకుంది. పదేళ్ల తర్వాత గెలుస్తుందో లేదో తెలియని పిల్ల మీద పెట్టిన ఆ పెట్టుబడి రిస్కును ఒక సంస్థ భరించింది, ఆటో నడిపే తండ్రి భరించలేదు.

టెన్నిస్‌లో ఆ రిస్కు చాలావరకు ఇంటిమీద పడుతుంది. దీపిక బాణం ఎక్కడి నుంచి వేసినా గురి అదే దూరం. టెన్నిస్‌లో పాయింట్లు దేశదేశాల్లో చెల్లాచెదురుగా పడి ఉంటాయి, వెళ్లి ఏరుకోవాలి. పిల్ల ఎంత మంచిదైనా విమానం ఎక్కకపోతే ర్యాంకు రాదు. ఆటో నడిపే ఇంటి నుంచి విలుకత్తె వచ్చినంత సులువుగా టెన్నిస్ క్రీడాకారిణి రాకపోవడానికి కారణం ఇదే. ప్రతిభ తక్కువై కాదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు నా జవాబు. ఇది మా ఇంట్లో మేం పాటిస్తున్నదే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

మొదటిది, ప్రావిడెంట్ ఫండ్ ముట్టుకోవద్దు. ఇల్లు తాకట్టు పెట్టవద్దు. పిల్ల ప్రతిభ మీద అనుమానంతో చెప్పడం లేదు. ప్రపంచంలో 253వ అమ్మాయికే అసలు మిగలనప్పుడు, ఈ అప్పు తిరిగి రావాల్సిన మార్గం కనబడదు. బయటి పార్టీ ఇలాంటి ప్రాజెక్టు తెస్తే మనం శాంక్షన్ చేయం. మన ఇంటికి వేరే నియమం ఉండకూడదు. అసలు ప్రమాదం డబ్బు పోవడం కూడా కాదు. అప్పు మీద ఆడే పిల్ల ప్రతి డబుల్ ఫాల్టుకూ తండ్రి ముఖం చూస్తుంది. ఆ బరువుతో సర్వీసు పడదు.

రెండోది, ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టండి. పోయినా ఇల్లు కదలని మొత్తం. మా ఇంట్లో దానికి ఒక పుస్తకం ఉంది. బంతుల డబ్బాలు, గట్టింగ్, టాటానగర్ నుంచి విశాఖకు, కోల్‌కతాకు, భువనేశ్వర్‌కు రైలు టిక్కెట్లు, అన్నీ అందులో ఉంటాయి. రాసేది మా అమ్మాయే. ఏప్రిల్‌లో మొత్తం చేతికిస్తాం. ఏ టోర్నమెంటుకు వెళ్లాలో, ఏది మానాలో అదే తేల్చుకుంటుంది. ఒకసారి దూరపు టోర్నమెంటు ఒకటి మానేసి, ఆ డబ్బుతో దగ్గర్లో రెండు ఆడతానంది. మా వారు నాతో అన్నారు, "ఇది టెన్నిస్‌లో పైకొస్తుందో లేదో గానీ, మీ క్రెడిట్ డిపార్ట్‌మెంట్‌లో మాత్రం వస్తుంది."

మూడోది, చదువు ఆపవద్దు. చదువును ఆట ఓడిపోతే పనికొచ్చేదిగా మాత్రమే చూడకండి. టెన్నిస్‌లో చదువే ఒక దారి. సహజ వెళ్లింది ఆ దారినే. మహారాష్ట్ర అమ్మాయి రుతుజా భోసలే టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి ఆడింది. అమెరికాలో పెద్ద డివిజన్ కాలేజీలకు మహిళల టెన్నిస్‌లో జట్టుకు 8 పూర్తి స్కాలర్‌షిప్‌ల దాకా ఇచ్చే పద్ధతి 2024-25 వరకు నడిచింది. ఇప్పుడు నిబంధనలు మారాయి, చేరేముందు కాలేజీతో వివరంగా మాట్లాడుకోవాలి. కోచ్, కోర్టులు, జిమ్ము, మ్యాచ్‌లకు ప్రయాణం, అన్నీ కాలేజీ చూసుకుంటుంది, చేతికి డిగ్రీ వస్తుంది. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు వరకు, ఆట ఇంకా పక్వానికి రాని ఆ నాలుగేళ్ల ఖర్చును ఇంకొకరు మోస్తారు. దానికి ప్లస్ టూలో మంచి మార్కులు కావాలి. అందుకని మా అమ్మాయి ఉదయం ఐదున్నరకు కోర్టులో ఉన్నా, సాయంత్రం ఫిజిక్స్ తప్పదు.

నాలుగోది, ఒక్క సింగిల్స్ అంకెనే పట్టుకు వేలాడవద్దు. సానియా మణికట్టు గాయాల తర్వాత డబుల్స్ మీద దృష్టి పెట్టింది. 2015 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మహిళల డబుల్స్‌లో మూడు, మిక్స్‌డ్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. ఒక దారి మూసుకుంటే కెరీర్ మూసుకున్నట్టు కాదు.

ఐదోది, ఏడాదికొకసారి రివ్యూ పెట్టుకోండి. తేదీ ముందే రాసుకోండి. మ్యాచ్ ఓడిన రాత్రి ఎలాంటి నిర్ణయమూ వద్దు, గెలిచిన రాత్రి అసలే వద్దు. ఆ రివ్యూలో మొదట మాట్లాడాల్సింది పిల్ల. "ఇంకా ఆడాలని ఉందా?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. "లేదు" అంటే అది వృథా కాదు. మూసేసిన ఖాతా అన్నంత మాత్రాన మొండి బాకీ కాదు కదా. అసలు, వడ్డీ తీరి గౌరవంగా మూసిన ఖాతాలు మన దగ్గర ఎన్ని లేవు?

ఇక ఫలితం అంటే ఏమిటో కూడా ఒకసారి ఆలోచిద్దాం. 2023 సెప్టెంబరు 30న హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం భారత్‌కు వచ్చింది. రోహన్ బోపన్న పక్కన ఆడింది ఇందాక చెప్పిన రుతుజ. ఆమె సింగిల్స్ ర్యాంకు మొదటి వందలో లేదు. అంతకాలం ఏ ఊళ్లోనో, చూసేవాళ్లు లేని కోర్టుల్లో ఆడింది. పుణెలో ఐదుకు ఐదు గెలిచిన శ్రీవల్లిదీ అదే సంగతి. టీవీలో కనబడే ఆ ఒక్క వారానికి వెనక కనబడని వారాలు ఎన్నో ఉంటాయి. దేశానికి జట్టు కావాలంటే ఈ మూడు వందల ర్యాంకు అమ్మాయిలే కావాలి. వాళ్లు ఆడటం మానేస్తే రేపు జెండా పట్టుకుని నడిచేవాళ్లు ఉండరు.

కాబట్టి మనం చేయగలిగినవి కూడా ఉన్నాయి. ప్రభుత్వ రంగ సంస్థలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చిన సంప్రదాయం మనకు ఉంది. మిథాలీ రాజ్‌కు రైల్వే, పుల్లెల గోపీచంద్‌కు ఇండియన్ ఆయిల్ నెలజీతం ఇచ్చాయి. నెల మొదటి తేదీన జీతం పడుతుందన్న ధీమా ఏమిటో మనకన్నా తెలిసినవాళ్లెవరు? టెన్నిస్ ఆడే అమ్మాయికి కూడా అది అందాలని మన సంఘాల ద్వారా, స్పోర్ట్స్ కమిటీల ద్వారా అడుగుదాం. మన ఊళ్లో ఏ స్థాయి టోర్నమెంటు జరిగినా ఒక సాయంత్రం వెళ్లి కూర్చుందాం. ఖాళీ కుర్చీల ముందు ఆడటం చాలా కష్టం అని మా అమ్మాయి అంటుంది.

ఆ తల్లికి, ఆవిడ ఈ సభలోనే ఉన్నారు, చివరిగా ఒక్క మాట. అమ్మా, మీ అమ్మాయిని ఆడించండి. మనసు నిండా ఆడించండి. ప్రావిడెంట్ ఫండ్ ఎక్కడున్నది అక్కడే ఉండనివ్వండి. టోర్నమెంటు నుంచి ఫోన్ చేసినప్పుడు "గెలిచావా?" అని కాకుండా "తిన్నావా? ఎలా ఆడావు?" అని అడగండి. తక్కినది పిల్ల చేతిలో, రాకెట్‌లో ఉంది.

వచ్చే శీతాకాలంలో మా అమ్మాయి మన దేశంలోనే జరిగే ఒక డబ్ల్యూ15 టోర్నమెంటు క్వాలిఫైయింగ్‌కు పేరు ఇవ్వబోతోంది. గెలిస్తే ఒక పాయింటు దాకా వెళ్లవచ్చు. ఆ ఒక్క పాయింటు విలువ ఎంతో ఇప్పుడు మీ అందరికీ తెలుసు కాబట్టి, వచ్చినా రాకపోయినా మీరు అడిగే ప్రశ్న మారుతుందని ఆశిస్తున్నాను.

 పిల్లలూ, భోజనాలు సిద్ధంగా ఉన్నాయట, పదండి.